తెలుగులో అంతర్జాల శోధన: అండ్, ఆర్, నాట్‌లను మన జిల్లాల విషయాలకు వాడుకోవడం ఎలా?

నాగావళి చదువరి (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. మా ఉన్నత పాఠశాల విద్యార్థుల కోసం జిల్లా చరిత్ర మీద ఒక చిన్న సంకలనం తయారుచేస్తున్నాను. పాత దస్తావేజులు, వ్యాసాలు, పత్రికా కథనాలు అంతర్జాలంలో చాలానే ఉన్నాయని తెలుసు గానీ, వెతికినప్పుడల్లా వేరే ఊళ్ల సమాచారమే ముందుకు వస్తున్నది. శ్రీకాకుళం దేవాలయం అని వెతికితే అరసవల్లి, శ్రీకూర్మాలతో పాటు కృష్ణా జిల్లాలో అదే పేరున్న ఊరిలోని ఆంధ్ర మహావిష్ణువు ఆలయం కూడా వస్తున్నది. విజయనగరం రాజులు అని వెతికితే పూసపాటి వారికి బదులు హంపి, శ్రీకృష్ణదేవరాయలు కనిపిస్తున్నారు. బొబ్బిలి యుద్ధం అంటే 1757 నాటి యుద్ధం కన్నా అదే పేరుతో 1964లో వచ్చిన సినిమా పాటలే ఎక్కువ. బూలియన్ ఆపరేటర్లు, అంటే వెతికే మాటల మధ్య పెట్టే అండ్, ఆర్, నాట్ అనే మాటలు, వాడితే ఈ చిక్కు తీరుతుందని విన్నాను. తెలుగులో వెతికేటప్పుడు అవి ఎంతవరకు పనిచేస్తాయో, ఎలా వాడాలో అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరా?

గ్రంథాలయ మిత్ర (విజయనగరం)

మాస్టారూ, మంచి ప్రశ్న అడిగారు. ముందుగా ఒక గమనిక. అండ్, ఆర్, నాట్ అని ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. శోధన పెట్టెలో మాత్రం వాటిని ఇంగ్లీషు పెద్ద అక్షరాలలోనే టైపు చేయాలి. చిన్న అక్షరాలలో రాస్తే గూగుల్ వాటిని మామూలు మాటలుగానే తీసుకుంటుంది.

ఈ పద్ధతికి మూలపురుషుడు జార్జి బూల్. 1815లో ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో చెప్పులు కుట్టే వృత్తి చేసే ఇంట పుట్టి, గణితాన్ని చాలావరకు స్వయంగా నేర్చుకొని, 1849లో ఐర్లండులోని కార్క్ కళాశాలలో ఆచార్యుడయ్యాడు. మన తర్కాన్ని బీజగణితంలాగా సమీకరణాలలో రాయవచ్చునని 1854లో ప్రచురించిన గ్రంథంలో నిరూపించాడు. 1937లో క్లాడ్ షానన్ అనే అమెరికా ఇంజనీరు తన ఎం.ఐ.టి. పరిశోధన వ్యాసంలో ఆ గణితాన్ని విద్యుత్ రిలే సర్క్యూట్లకు అన్వయించాడు. చరిత్ర ఇంతవరకు చాలు.

పని విషయానికి వస్తే, అండ్ అనేది ఫలితాలను తగ్గిస్తుంది, ఆర్ పెంచుతుంది, నాట్ కొన్నింటిని తొలగిస్తుంది. గూగుల్‌లో అండ్ టైపు చేయనక్కరలేదు. రెండు మాటల మధ్య ఖాళీ ఉంటే రెండూ కావాలనే అర్థం. నాట్ అనే మాటకు బదులు తీసివేత గుర్తు వాడాలి. ఆ గుర్తుకు ముందు ఖాళీ ఉండాలి, తర్వాత ఖాళీ ఉండకూడదు. మీ బొబ్బిలి విషయానికి నేను ఇలా వెతుకుతాను:

"బొబ్బిలి యుద్ధం" 1757 బుస్సీ -పాటలు

ఇందులో ఉద్ధరణ చిహ్నాలు ఆ రెండు మాటలూ అదే వరుసలో పక్కపక్కనే ఉండాలని చెబుతాయి. బుస్సీ అనే పేరు చేర్చడమే ఇక్కడ అసలు పని చేస్తుంది, ఎందుకంటే చరిత్ర రాసేవారు ఆ ఫ్రెంచి సేనాని పేరు రాయకుండా ఆ యుద్ధం గురించి రాయలేరు. పాటల పుటలలో ఆ పేరు సాధారణంగా ఉండదు. అక్కరలేనిదాన్ని తీసివేయడం కన్నా, కావలసిన పుటలో తప్పనిసరిగా ఉండే మాటను ఊహించి చేర్చడం ఎప్పుడూ మేలు.

అయితే ఈ మూడింటిలో తెలుగువారికి ఎక్కువగా ఉపకరించేది ఆర్ అని నా గట్టి అభిప్రాయం. దానిని మనం చాలా తక్కువగా వాడుతున్నాము. మీ ఊరి సంగతే చూడండి. బ్రిటిషు వారి కాగితాలలో శ్రీకాకుళం అనే పేరు అరుదు, ఎక్కువగా చికాకోల్ అని ఉంటుంది. పైగా ఆ ప్రాంతం 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు గంజాం జిల్లాలో ఉండేది. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలో చేరింది. 1950 ఆగస్టు 15న గానీ ప్రత్యేక జిల్లా కాలేదు. ఈ క్రమం తెలియకుండా శ్రీకాకుళం జిల్లా అని మాత్రమే వెతికేవారికి పందొమ్మిదవ శతాబ్దపు కాగితాలు దొరకడం కష్టం. చికాకోల్ ఆర్ శ్రీకాకుళం అని రాసి, పక్కన గంజాం చేర్చి, ఇంగ్లీషు స్పెల్లింగులతో, పాత పుస్తకాలను అంతర్జాలంలో ఉంచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతికి చూడండి.

కోటవీధి (విజయనగరం)

గ్రంథాలయ మిత్ర గారి వివరణ బాగుంది. కానీ నాకొక సందేహం ఉంది. ఇప్పుడు శోధన యంత్రాలు మామూలు వాక్యం రాసినా, ఫోనులో మాట్లాడినా అర్థం చేసుకుంటున్నాయి. కృత్రిమ మేధ అయితే నేరుగా సమాధానమే రాసి ఇస్తున్నది. ఇటువంటి కాలంలో గుర్తులు, పెద్ద అక్షరాలు నేర్చుకోవలసిన అవసరం నిజంగా ఉన్నదా? మా దుకాణానికి కావలసిన సరకు ధర తెలుసుకోవడానికి నాకు వీటి అవసరం ఎన్నడూ కలగలేదు.

ఉద్దానం పరిశోధక (సోంపేట)

కోటవీధి గారూ, సరకు ధరకు అవసరం లేదన్న మాట నిజమే. దొరికిన మొదటి మంచి సమాధానంతో పని జరిగే చోట వాక్యం రాస్తే సరిపోతుంది. కానీ ఒక విషయం మీద ఉన్నదంతా చూశానని నమ్మకంగా చెప్పవలసిన చోట, యంత్రం నా ప్రశ్నను తనకు తోచినట్టు మార్చుకుంటే ఏది చేరిందో, ఏది జారిపోయిందో నాకు తెలియదు. వైద్య పరిశోధనలో ఒక అంశం మీద వచ్చిన వ్యాసాలన్నింటినీ సమీక్షించేవారు తాము వాడిన శోధన వాక్యాన్ని గుర్తులతో సహా ప్రచురిస్తారు. మరొకరు అదే వాక్యంతో వెతికి సరిచూసుకోగలగాలి కనుక ఆ నియమం.

మా ఉద్దానం ప్రాంతపు మూత్రపిండాల వ్యాధి గురించి చదువుకొనే క్రమంలో నేను వైద్య పరిశోధన వ్యాసాలను వెతికే పబ్‌మెడ్ అనే వెబ్‌సైటును వాడుతుంటాను. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు మొదలైన మండలాలలో ఇంటింటా తెలిసిన ఈ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు కనుక, వచ్చిన ప్రతి వ్యాసమూ మాకు విలువైనదే. అక్కడ నేను గమనించిన ఒక సంగతి అందరికీ పనికివస్తుంది. ఈ వాక్యం చూడండి:

కిడ్నీ అండ్ ఉద్దానం ఆర్ శ్రీకాకుళం

చదివే మనకు దీని అర్థం స్పష్టమే: కిడ్నీ గురించి ఉండాలి, ఊరు ఉద్దానమైనా కావచ్చు, శ్రీకాకుళమైనా కావచ్చు. పబ్‌మెడ్ మాత్రం ఎడమ నుంచి కుడికి వరుసగా లెక్క వేసుకుంటూ పోతుంది. మొదట కిడ్నీ, ఉద్దానం రెండూ ఉన్న వ్యాసాలను తీసుకుంటుంది. ఆ తర్వాత వాటికి శ్రీకాకుళం అనే మాట ఉన్న ప్రతి వ్యాసాన్నీ కలుపుతుంది. అంటే పాముకాటు మీదైనా, పంటల మీదైనా, చివరికి రచయిత చిరునామాలో శ్రీకాకుళం ఉన్నా సరే, ఆ వ్యాసం వచ్చి చేరుతుంది. ఇదే వాక్యాన్ని, మూత్రపిండాల విషయంలో ఇంగ్లీషులో వాడే రీనల్, నెఫ్రోపతీ అనే మాటలు కూడా చేర్చి, బ్రాకెట్లతో రాస్తే చిక్కు లేదు:

(కిడ్నీ ఆర్ రీనల్ ఆర్ నెఫ్రోపతీ) అండ్ (ఉద్దానం ఆర్ శ్రీకాకుళం)

గూగుల్ పద్ధతి వేరు. అది ఆర్‌ను అటూ ఇటూ పక్కనే ఉన్న మాటలకే కలుపుకుంటుంది కనుక, బ్రాకెట్లు లేకపోయినా మొదటి వాక్యానికి మనం అనుకొనే అర్థమే తీసుకుంటుంది. ఒకే వాక్యం ఒక చోట ఒక రకంగా, మరొక చోట మరొక రకంగా పనిచేస్తుందన్నమాట. అందుచేత ఎక్కడ వెతికినా బ్రాకెట్లు పెట్టే అలవాటు చేసుకోవడం క్షేమం.

కోటవీధి (విజయనగరం)

అర్థమైందమ్మా. కారణం ఇంత స్పష్టంగా చెప్పినందుకు కృతజ్ఞతలు.

తెలుగు పండితుడు (పార్వతీపురం)

చర్చలో ఇంతవరకు రాని ఒక విషయం ఉన్నది. ఉద్ధరణ చిహ్నాలు ఇంగ్లీషుకు సరిపోయినంతగా తెలుగుకు సరిపోవు. ఇంగ్లీషులో విభక్తి పని చేసే మాట విడిగా నిలబడుతుంది. తెలుగులో అది పేరుకు అతుక్కుపోతుంది. ఉద్దానం అనే మాటను చిహ్నాల మధ్య పెట్టి వెతికితే ఉద్దానంలో, ఉద్దానానికి, ఉద్దానపు అని రాసిన పుటలు జారిపోవచ్చు. పత్రికా కథనాలలో ఊరి పేరు విభక్తి లేకుండా కనిపించేది తక్కువ కనుక, ఈ నష్టం చిన్నది కాదు. కనుక ఇలా రాయవలసి ఉంటుంది:

(ఉద్దానం ఆర్ ఉద్దానంలో ఆర్ ఉద్దానానికి) (కిడ్నీ ఆర్ కిడ్నీల ఆర్ మూత్రపిండాల)

నక్షత్రం గుర్తు పెడితే ఈ రూపాలన్నీ వస్తాయని కొందరు అనుకుంటారు. పబ్‌మెడ్ వంటి చోట్ల మాట చివర నక్షత్రం పెడితే ఆ మొదలుతో వచ్చే రూపాలన్నీ వస్తాయి. గూగుల్‌లో మాత్రం అది ఒక పూర్తి మాటకు బదులుగా నిలుస్తుందే తప్ప, మాట చివరను పూరించదు.

వర్ణక్రమం కూడా చూసుకోవాలి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తుపానును పత్రికలు తిత్లీ, తిత్లి, టిట్లీ అని రకరకాలుగా రాశాయి. గ్రాంథికంలో రాసిన పాత వ్యాసాలు కావాలంటే విజయనగరము, యుద్ధము వంటి రూపాలు కూడా చేర్చాలి. విజయనగరం సంస్థానానికి ఇంగ్లీషులోనూ ఒకటి కన్నా ఎక్కువ స్పెల్లింగులున్నాయి: చివర గరం అని రాసినవారు కొందరు, గ్రం అని రాసినవారు కొందరు. జెడ్‌తో రాసిన రూపం వాడితే హంపి రాజ్యం చాలావరకు తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. మాస్టారి రెండవ చిక్కుకు తీసివేత గుర్తు కన్నా ఇదే మంచి మందు.

నాగావళి చదువరి (శ్రీకాకుళం)

పండితుల వారికి ధన్యవాదాలు. జెడ్ స్పెల్లింగుతో పాటు 1794, పద్మనాభం అని చేర్చి వెతికాను. కంపెనీ సేనలతో జరిగిన పద్మనాభ యుద్ధం గురించిన పుటలే వరుసగా వచ్చాయి. హంపి ఎక్కడా కనబడలేదు.

కృష్ణా జిల్లా శ్రీకాకుళాన్ని తప్పించడానికి మాత్రం మైనస్ కృష్ణా అని పెట్టవచ్చా?

గ్రంథాలయ మిత్ర (విజయనగరం)

వద్దు మాస్టారూ. తీసివేత గుర్తు పుట మొత్తాన్ని చూస్తుంది. ఆ మాట ఒక మూల ఒక్కసారి కనబడినా పుటంతటినీ పక్కన పెడుతుంది. రాష్ట్రంలోని జిల్లాల పేర్లు వరుసగా రాసిన ఏ నివేదికలోనైనా కృష్ణా ఉంటుంది. మీకు కావలసిన వానల లెక్కలు, జనాభా లెక్కలు, తుపాను నష్టం అంచనాలు అన్నీ దానితో పోతాయి. ఆ ఊరు ఘంటసాల మండలంలో ఉన్నది కనుక -ఘంటసాల అని పెట్టడం కొంత నయం. అలా చేస్తే గాయకుడు ఘంటసాల పేరున్న పుటలు కూడా పోతాయి గానీ, జిల్లా చరిత్రకు దానివల్ల వచ్చే లోటు స్వల్పం.

హంపి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. పూసపాటి వంశం గురించి రాసేవారు ఆ విజయనగరం వేరు, ఈ విజయనగరం వేరు అని ఒక వాక్యం రాయడం మామూలే. -హంపి అని పెడితే, పాఠకుడి సౌకర్యం కోసం ఆ వాక్యం రాసిన శ్రద్ధగల రచయిత వ్యాసమే మీకు అందకుండా పోతుంది. అందుకే నేను తీసివేత గుర్తును చివరి ఉపాయంగా, అదీ ఫలితాలను ఒకసారి చూసిన తర్వాతనే వాడతాను.

జీడితోట (పలాస)

అయ్యా, మాది జీడి వ్యవసాయం. జీడి తెగులు అని వెతికితే జీడిపప్పు ధరలు, జీడిపప్పుతో చేసే మిఠాయిలు, పురుగుమందుల ప్రకటనలు వస్తున్నాయి. లేత చిగుళ్ల మీద, పూత మీద నల్లటి మచ్చలు పడి ఎండిపోతున్నాయి. పరిశోధనా సంస్థలు చెప్పిన మాట మాత్రమే కావాలంటే ఎలా వెతకాలి? మందుల దుకాణంలో చెప్పినదల్లా కొట్టి ఇప్పటికే చాలా ఖర్చు పెట్టాము.

గ్రంథాలయ మిత్ర (విజయనగరం)

రైతు సోదరా, మీకు కావలసినది సైట్ అనే ఆపరేటరు. ఇది బూలియన్ కాదు గానీ వాటితో కలిసి పనిచేస్తుంది. ఇంగ్లీషులో సైట్ అని రాసి, రెండు చుక్కలు (:) పెట్టి, ఖాళీ లేకుండా వెబ్‌సైటు చిరునామా చివరి భాగం రాస్తే ఆ చోట్లలోనే వెతుకుతుంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి వెబ్‌సైట్లలో చాలావాటి చిరునామాలు ఐకార్.గవ్.ఇన్ అని ముగుస్తాయి. కర్ణాటకలోని పుత్తూరులో ఉన్న జీడిమామిడి పరిశోధన డైరెక్టరేటు ఆ మండలికి చెందినదే. మీరు ఇలా వెతకవచ్చు:

(జీడిమామిడి ఆర్ క్యాష్యూ) ("టీ దోమ" ఆర్ "టీ మస్కిటో బగ్") సైట్:ఐకార్.గవ్.ఇన్

క్యాష్యూ, టీ మస్కిటో బగ్ అన్నవి ఇంగ్లీషు అక్షరాలలోనే రాయండి, ఎందుకంటే ఆ సంస్థల పత్రాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. లేత చిగుళ్లు, పూత ఎండిపోవడం టీ దోమ అనే పురుగు సోకిన లక్షణాలలో ఒకటి గనుక ఆ పేరు రాశాను. అయితే ఆకుమచ్చ తెగులు వంటి ఇతర కారణాలూ ఉండవచ్చు. చెట్టును చూడకుండా నేను నిర్ణయించలేను. దొరికిన పత్రంలోని బొమ్మలతో పోల్చి చూసి, మందు కొట్టే ముందు మీ మండల వ్యవసాయాధికారులకో, ఉద్యాన శాఖ వారికో చూపించండి.

రాజాం వాసి (రాజాం)

సైట్ ఆపరేటరు మాటకు నాదొక చేర్పు. ఉద్యోగ ప్రకటనలు చూసే పిల్లలందరికీ దీన్ని నేర్పాలి. మా బంధువుల అబ్బాయి ఒకడు ప్రభుత్వ ప్రకటనలాగే కనిపించిన ఒక వెబ్‌సైటులో దరఖాస్తు రుసుము కట్టి నష్టపోయాడు. పోస్టు పేరుతో పాటు సైట్:ఏపీ.గవ్.ఇన్ అని చేర్చి ఉంటే ఆ ప్రకటన అసలు జిల్లా వెబ్‌సైట్లలో లేదని ముందే తెలిసేది.

మరొక మాట. మా రాజాం 2022 ఏప్రిల్ 4 వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉండి, ఆ రోజు నుంచి విజయనగరం జిల్లాలో చేరింది. పాలకొండ శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లింది. కాబట్టి మా ఊరి లెక్కలు వెతికేవారు రాజాం (శ్రీకాకుళం ఆర్ విజయనగరం) అని రెండు జిల్లాల పేర్లూ రాయకపోతే సగం కాగితాలు దొరకవు. భూమి రికార్డులు, బడుల వివరాలు, ఎన్నికల లెక్కలు వెతికేటప్పుడు ఈ చిక్కు మాకు రోజూ ఎదురవుతున్నది.

నాగావళి చదువరి (శ్రీకాకుళం)

జిల్లాల మార్పు సంగతి నా సంకలనానికి నేరుగా పనికివచ్చింది. ఇంకొక సందేహం. నేను రాసిన మాటలలో ఒకటి అసలు లేని పుటలు కూడా వస్తున్నాయి. మాటల మధ్య అండ్ ఉన్నట్టే లెక్క అన్నారు కదా? అలాగే, నా దగ్గర ఉన్న కొన్ని తెలుగు పీడీఎఫ్ పత్రాలలో కళ్లకు కనిపిస్తున్న మాటనే వెతికినా దొరకడం లేదు.

గ్రంథాలయ మిత్ర (విజయనగరం)

మొదటిదానికి సమాధానం: గూగుల్ అండ్‌ను అంత కచ్చితంగా పాటించదు. మాటలన్నీ ఉన్న పుటలు తక్కువైతే ఒకదానిని వదిలేస్తుంది. అప్పుడు ఫలితం కింద ఆ మాట మీద అడ్డగీత గీసి, అది ఆ పుటలో లేదని చెబుతుంది. ఆ గీత కనిపించిన వెంటనే ఆ ఒక్క మాటను ఉద్ధరణ చిహ్నాల మధ్య పెట్టండి. ఇదివరకు ఈ పనికి కూడిక గుర్తు ఉండేది. 2011లో గూగుల్ దాన్ని తీసేసింది. పాత పుస్తకాలలో ఇంకా ఆ గుర్తే రాసి ఉంటుంది కనుక అది చూసి ప్రయత్నించకండి.

రెండవది బాధాకరమైన విషయం. అన్ని భాషల అక్షరాలకూ ప్రామాణిక సంకేతాలనిచ్చే యూనికోడు వాడుకలోకి రాకముందు, వచ్చిన తర్వాత కూడా చాలాకాలం, మన అచ్చు పనులు 'అను' వంటి పాత ఫాంట్లతో జరిగాయి. వాటిలో తెరమీద తెలుగు అక్షరం కనిపించినా, లోపల నిలవ ఉండేది ఇంగ్లీషు అక్షరాల సంకేతం. అటువంటి పత్రంలోని మాటను కాపీ చేసి వేరే చోట అతికిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. మీ పత్రం ఏ కోవకు చెందినదో తెలుసుకోవడానికి అదే తేలిక పరీక్ష. స్కాన్ చేసినవైతే అక్షరాలే ఉండవు, బొమ్మలు మాత్రమే ఉంటాయి. వీటిని ఏ ఆపరేటరూ పట్టుకోలేదు. వాటికోసం లోపలి మాటలను వదిలిపెట్టి, శీర్షికను, ప్రచురించిన సంవత్సరాన్ని, శాఖ పేరును ఇంగ్లీషులో రాసి, ఫైల్‌టైప్:పీడీఎఫ్ చేర్చి వెతకండి.

ఉద్దానం పరిశోధక (సోంపేట)

తేదీల మాట కూడా చెబుతాను. ఆఫ్టర్:2018-10-10 బిఫోర్:2018-11-30 అని ఇంగ్లీషులో చేరిస్తే తిత్లీ నాటి కథనాలు విడిగా వస్తాయి. పుట తేదీని గూగుల్ తానే అంచనా వేస్తుంది కనుక కొన్ని పాతవి కొత్తవిగా, కొత్తవి పాతవిగా కనిపించవచ్చు. కథనం లోపల ఉన్న తేదీని చూసే నమ్మండి.

జీడితోట (పలాస)

మిత్ర గారు రాసిన వాక్యం మా అమ్మాయి చేత టైపు చేయించాను. బొమ్మలతో సహా పత్రాలు దొరికాయి. మా చెట్ల చిగుళ్ల మీద ఉన్న మచ్చలు ఆ బొమ్మలలో ఉన్నట్టే ఉన్నాయి. సోమవారం ఉద్యాన శాఖ కార్యాలయానికి కొమ్మ పట్టుకొని వెళ్తున్నాను. ఇటువంటి కొత్త పత్రం వచ్చినప్పుడల్లా మళ్లీ మళ్లీ వెతకకుండా తెలిసే దారి ఏదైనా ఉందా?

గ్రంథాలయ మిత్ర (విజయనగరం)

ఉన్నది. గూగుల్ అలర్ట్స్ అనే పుటకు వెళ్లి, అదే వాక్యాన్ని అలాగే అతికించి, మీ ఈమెయిలు ఇవ్వండి. ఉద్ధరణ చిహ్నాలు, ఆర్, తీసివేత గుర్తు, సైట్ అన్నీ అక్కడ కూడా పనిచేస్తాయి. వారానికి ఒకసారి పంపమని ఎంచుకుంటే చాలు. మాస్టారూ, మీరు కూడా చికాకోల్, గంజాం వాక్యానికి ఒకటి పెట్టుకోండి.